నారాయణగూడ పేటెంట్ ఏజెంట్ ఆఫీసు: మా మామిడికాయ కోత యంత్రానికి ప్రొవిజనల్ (పేటెంట్ కోసం వేసే తొలి దరఖాస్తు) వేయించిన అనుభవం

నారాయణగూడ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, పాత బిల్డింగు రెండో అంతస్తులో ఈ ఆఫీసు ఉంది. లిఫ్టు లేదు. పద్నాలుగు కిలోల యంత్రాన్ని గోనెపట్టాలో చుట్టుకుని మెట్లెక్కాను కాబట్టి ముందుగా ఈ మాటే చెబుతున్నాను. నడిపే మేడమ్ రిజిస్టరయిన పేటెంట్ ఏజెంటు, అంటే మన తరఫున పేటెంట్ దరఖాస్తులు రాసి వేసిపెట్టేవారు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. పేరు రాయవద్దని కోరారు కాబట్టి రాయడం లేదు. నేను బాలానగర్‌లో టూల్ రూమ్ పనిలో ముప్పై నాలుగేళ్లు ఉండి రిటైరయ్యాను. ఇల్లు మూసాపేటలో.

ముందు యంత్రం సంగతి చెప్పాలి. ఆవకాయ పెట్టే ఇళ్లలో అందరికీ తెలిసిందే, ప్రతి ముక్కకూ టెంక అంటుకుని ఉండాలి. టెంక ఊడిన ముక్క నెల తిరిగేసరికి జాడీలో మెత్తబడిపోతుంది. కాయను సన్నటి అంచు పైకి వచ్చేలా నిలబెట్టి, టెంక అతుకు మీదుగా ఒక్క వేటుతో రెండు చెక్కలు చేయాలి. కాయ కొంచెం పక్కకు తిరిగినా కత్తి టెంక మీద జారుతుంది. మే నెలలో ఎర్రగడ్డ, కూకట్‌పల్లి రైతుబజార్ల బయట కూర్చుని కోసేవాళ్లను చూడండి, ఎడమచేతి బొటనవేలు పూర్తిగా బాగున్నవాళ్లు తక్కువ. నిజాంపేటలో పచ్చళ్ల వ్యాపారం చేసే మా మరదలికి నాలుగేళ్ల కిందట ఆ వేలికే ఏడు కుట్లు పడ్డాయి. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక నేను మొదటి బొమ్మ గీశాను.

కాలితో తొక్కితే కత్తి దిగుతుంది. కాయను చేత్తో పట్టుకునే పని లేదు. కింద రెండు రెక్కలు ఉంటాయి, వాటికి లోపల రబ్బరు. కాయను ఎలా వేసినా స్ప్రింగుల ఒత్తిడికి ఆ రెక్కలు దాన్ని తిప్పి, సన్నటి అంచు పైకి వచ్చేలా నిలబెడతాయి. ఇది పని చేయడానికి మూడేళ్లు పట్టింది. ఈ జనవరిలో మా మరదలి దగ్గర పెట్టి కోల్డ్ స్టోరేజీ కాయలు కోసి చూశాం. వందకు తొంభై పైన టెంకతోనే వచ్చాయి.

అప్పుడు మొదలైంది టెన్షన్. మా అక్క మనవడు రీల్ తీసి పెడతానన్నాడు. కాలనీ మహిళా సంఘం వాళ్లు ఏప్రిల్ మేళాలో స్టాల్ ఇస్తామన్నారు. జీడిమెట్లలో వంటింటి సామాను తయారుచేసే ఒకాయన చూడటానికి వస్తానన్నారు. అందరికీ చూపించాలని ఉంది, చూపిస్తే ఎవరైనా చేసేసుకుంటారని భయం. బాలానగర్‌లో నా జీవితం గడిచింది. అక్కడ ఏ వస్తువైనా ఒకసారి చూశారంటే వారంలో అచ్చు అలాంటిది తయారు చేయగల చేతులు ఉన్నాయి. ఆ చేతులంటే నాకు గౌరవం, వాటిలో నావీ ఉన్నాయి.

మేడమ్ దగ్గరికి రాకముందు ఇంకో చోట దెబ్బ తిన్నాను. ఇంటర్నెట్‌లో ప్యాకేజీ లెక్కన పేటెంట్లు వేసిపెట్టే ఒక కంపెనీకి తొమ్మిది వేలు అడ్వాన్సు కట్టాను. ఫోన్‌లో ఇరవై నిమిషాలు మాట్లాడారు. యంత్రం చూస్తామని అనలేదు. నాలుగో రోజున ఒకటిన్నర పేజీ డ్రాఫ్ట్ పంపి, 'ఓకే అనండి, రేపే ఫైల్ చేస్తాం, మీ ఐడియా సేఫ్' అన్నారు. ఎందుకో మనసు ఒప్పలేదు. రెక్కల మాట అందులో ఒక్క వాక్యమే ఉంది. అడ్వాన్సు తిరిగి రాలేదు.

ఆ కాగితం పట్టుకునే ఫిబ్రవరిలో నారాయణగూడ వెళ్లాను. మొదటి సిట్టింగుకు వెయ్యి రూపాయలు. గంటన్నర కూర్చోబెట్టారు. మేడమ్ ఆ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివి పక్కన పెట్టి, "ఇందులో మీ యంత్రం లేదండీ" అన్నారు.

తర్వాత వివరంగా చెప్పారు. ప్రొవిజనల్ వేస్తే మనకు దొరికేది ఒక తేదీ, ఈ ఆలోచన ఆ రోజుకే మాది అని చూపించుకోవడానికి. ఆ తేదీ నుంచి 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే మనం అడిగే హక్కులతో సహా పూర్తి వివరణ, వేయాలి, వేయకపోతే అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క. కంప్లీట్‌లో మనం అడిగే హక్కులకు, అంటే క్లెయిములకు, ఆ పాత తేదీ వర్తించాలంటే వాటికి ఆధారం ప్రొవిజనల్‌లో ముందే రాసి ఉండాలి. రాయని దానికి తేదీ రాదు. ప్రొవిజనల్‌లో క్లెయిములు రాయనక్కరలేదు కాబట్టి చాలామంది అదేదో చిన్న పని అనుకుని పేజీ రాసి పడేస్తారని, ఏడాది తర్వాత చూస్తే అసలు విషయానికే తేదీ ఉండదని చెప్పారు. నేను ఓకే అని ఉంటే, యంత్రాన్ని ధైర్యంగా అందరికీ చూపించేవాణ్ణి. రెక్కల పనితనానికి ఏ రక్షణా లేకుండానే అది బయటపడిపోయేది. ఇంటికి వచ్చాక ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇంకో ప్రశ్న అడిగారు. "ఇప్పటిదాకా ఎవరెవరు చూశారు?" లెక్క చెప్పించి రాసుకున్నారు. ఇంట్లోవాళ్లు, మరదలు, ఆమె దగ్గర పనిచేసే ఇద్దరు, లేత్ షాపు కుర్రాడు. అమ్మలేదు, వీడియో పెట్టలేదు. "మంచిది. ఇకపై ఎవరికీ వద్దు" అన్నారు. లేత్ షాపు వాళ్లతో సంతకం పెట్టించుకోమని, విషయం బయటికి చెప్పబోమనే ఒక పేజీ ఒప్పందం ఇచ్చారు, దానికి డబ్బు తీసుకోలేదు. మేళా సంగతి అడిగితే, చట్టంలో ప్రదర్శనలకు మినహాయింపు ఉన్న మాట నిజమే కానీ అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకేనని, కాలనీ మేళా అందులోకి రాదని చెప్పారు. ఎవరైనా ముందే జనంలో చూపించేశాక పేటెంట్ అడిగితే, కొత్తదనం లేదని ఆపేయడానికి వాళ్ల స్టాలే సాక్ష్యం అవుతుంది.

ఈ ఆఫీసుకు నేను అయిదు మార్కులూ ఇచ్చే విషయం ఇది: మేడమ్ నన్ను ఫైల్ చేయమని తొందరపెట్టలేదు. అసలు వేయడం అవసరమా అని మొదట ఆవిడే వాదించారు. పేటెంట్ కాలం 20 ఏళ్లు. మూడో ఏడాది నుంచి ఏటా రెన్యూవల్ ఫీజు, వ్యక్తులకు మొదట ఏడాదికి 800, చివరి అయిదేళ్లలో ఏడాదికి 8,000. ఎవరైనా కాపీ కొడితే కోర్టుకు వెళ్లాల్సింది మనమే, పేటెంట్ ఆఫీసు వచ్చి ఆపదు. "మీరే తయారుచేసి ఏడాదికి యాభై అమ్ముకునేటట్టయితే ఈ ఖర్చు మీకు తిరిగి రాదు. ఆ డబ్బు డైకి, అంటే భాగాలు చేసే అచ్చుకు, పెట్టుకోండి" అన్నారు. పైకి కనిపించే రూపం ఒక్కటే కాపాడుకోవాలంటే డిజైన్ రిజిస్ట్రేషన్ ఉందని, వ్యక్తులకు ఫీజు వెయ్యి రూపాయలని, కానీ అది ఆకారానికే తప్ప పనితీరుకు కాదని కూడా చెప్పారు. మా యంత్రానికి ఆకారంతో పని లేదు.

నా ఉద్దేశం వేరు. నాకు ఇప్పుడు 61 ఏళ్లు. ఫ్యాక్టరీ పెట్టే వయసు కాదు. జీడిమెట్ల ఆయనలాంటి వారికి తయారుచేసే హక్కు ఇచ్చి, యంత్రం రైతుబజారు దాకా వెళ్లాలని నా కోరిక. అలాంటివారితో కూర్చుని మాట్లాడాలంటే చేతిలో అప్లికేషన్ నంబరు ఉండాలి. ఆ మాట విన్నాక, "అయితే మీకు ప్రొవిజనల్ అర్థవంతమే" అని ఒప్పుకున్నారు. ఎప్పుడు వేయాలో కూడా మామిడి సీజన్ చూసే లెక్క వేశారు. ఏ తేదీన వేసినా 12 నెలల్లో ఒక్క సీజనే వస్తుంది. జూలైలో వేస్తే కాయలు గడువు చివర్లో వస్తాయి, తప్పులు దిద్దుకోవడానికి టైమ్ ఉండదు. మార్చిలో వేస్తే ఏప్రిల్ నుంచి జూన్ దాకా అన్ని రకాలూ కోసి చూడవచ్చు, మిగిలిన తొమ్మిది నెలలు రాసుకోవడానికీ, డబ్బు కూర్చుకోవడానికీ ఉంటాయి. పచ్చడి పెట్టే ఇంట్లో పుట్టినవాళ్లకే తట్టే ఆలోచన ఇది.

పాత పేటెంట్లు వెతకడానికి ఆరు వేలు తీసుకున్నారు. వారం తర్వాత నాలుగు కాగితాలు ముందు పెట్టారు. కాలితో తొక్కే కోత యంత్రాలు ఉన్నాయి. మామిడికాయను టెంకతో కోసే చేతి కత్తెరలూ ఉన్నాయి. నా గుండె జారిపోయింది. తెలిసిన పరికరాలను పక్కపక్కన చేర్చి, దేని పని అది చేసుకుపోతుంటే దాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోరని పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్) చెబుతుందట. కత్తి, పెడలు అనుకుంటే మా యంత్రం అందులో పడిపోతుంది. "కాయ తనంతట తాను తిరిగి నిలబడటం ఈ నాలుగింటిలో ఎక్కడా లేదు. మీ బలం అంతా రెక్కల్లోనే ఉంది. ఆ ఆలోచన ఎలా వచ్చింది?" అని అడిగారు.

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రెండేళ్లు నేను కాయను గిన్నెలాంటి అచ్చులో బిగించాలని చూశాను. చిన్నరసం రకం కాయకు సరిపోయింది తెల్లగులాబీ రకానికి సరిపోలేదు. ఒక రాత్రి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, కాయను రెండు అరచేతుల మధ్య పెట్టి కొంచెం నొక్కి చూపించింది. "ఏమండీ, దాన్ని బలవంతంగా పట్టుకుంటారెందుకు? ఇలా రెండు పక్కలా మెత్తగా అదిమితే అదే తిరిగి నిలబడుతుంది చూడండి." ఆవిడది నూజివీడు పక్క ఊరు, చిన్నప్పటి నుంచి కాయలు కోసిన చెయ్యి. ఆ అరచేతులే ఈ రెక్కలు.

మేడమ్ పెన్ను కింద పెట్టి, "అయితే ఇన్వెంటరు ఆంటీ కూడా కదండీ" అన్నారు.

నాకు ఆ సంగతే తట్టలేదు. ప్యాకేజీ కంపెనీ ఫారంలో నా పేరొక్కటే ఉంది, వాళ్లు అడగనూ లేదు. ఎవరు ఏది కనిపెట్టారో నిజం రాయాలని, నిజమైన ఇన్వెంటరును వదిలేస్తే రేపు అదే పెద్ద లోపమవుతుందని మేడమ్ చెప్పారు. తర్వాతి సిట్టింగుకు మా ఆవిడను తీసుకెళ్లాను. స్పెసిఫికేషన్ ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉండాలి, తెలుగులో వేయడానికి లేదు. అందుకని మేడమ్ మొత్తం ఇరవై రెండు పేజీలూ వాక్యం వాక్యం తెలుగులో చెప్పి, "ఇలాగే చేస్తారా ఆంటీ? ఏదైనా తేడా ఉందా?" అని అడుగుతూ వెళ్లారు. మా ఆవిడ రెండు చోట్ల దిద్దింది. తడి కాయ అయితే రబ్బరు జారుతుంది కాబట్టి గరుకుగా ఉండాలని ఒకటి, జీడి తీయడానికి చెక్కలు వెల్లకిలా పడాలని ఇంకొకటి. రెండూ ప్రొవిజనల్‌లోకి ఎక్కాయి. ఫారం 1లో, అంటే దరఖాస్తు పత్రంలో, తన పేరు చూసుకుని ఆవిడ ఏమీ అనలేదు. సంతకం మాత్రం చాలా నెమ్మదిగా, గుండ్రంగా పెట్టింది.

ఇందులో ఒక లాభం కూడా ఉంది. దరఖాస్తుదారులంతా వ్యక్తులై, వాళ్లలో ఒక్క మహిళ ఉన్నా మన దరఖాస్తును త్వరగా పరీక్ష చేయమని పేటెంట్ ఆఫీసును కోరుతూ ఫారం 18ఎ వేసుకోవచ్చు. వ్యక్తులకు దాని ఫీజు 8,000, మామూలు పరీక్షకు 4,000. మామూలు పరీక్ష కోరడానికి ఇదివరకు 48 నెలల గడువు ఉండేదట, 2024 మార్చి నుంచి అది 31 నెలలు. అది కంప్లీట్ వేశాక ఆలోచించే సంగతి.

డ్రాఫ్ట్ రాసే తీరు గురించి చెప్పాలి, ఎందుకంటే నేను డ్రాయింగులతో బతికినవాణ్ణి. వర్క్‌షాపు డ్రాయింగులో ఒక కొలత, ఆ కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారో చెప్పే టాలరెన్సు ఉంటాయి. ఇక్కడ అలా ఒక్క కొలతకే కట్టుబడి రాస్తే పక్కవాడు ఆ కొలత మార్చి తప్పించుకుంటాడు. స్ప్రింగు బదులు బరువు వేలాడదీస్తే? రబ్బరు బదులు నురుగు పెడితే? రెండు రెక్కల బదులు మూడు పెడితే? కాలి బదులు చేతి లీవరు, లేదా మోటారు? అలా ఒక్కొక్కటీ అడిగి, ఏది పని చేస్తుందో ఏది చేయదో నాతో చెప్పించి, పని చేసేవన్నీ రాయించారు. రెండు రోజులు నా నోట్‌బుక్కులు తిరగేశాం. కొన్ని నేను ప్రయత్నించి వదిలేసినవి, వాటినీ వదలలేదు. బొమ్మలు నేనే గీశాను, భాగాలకు నంబర్లు మేడమ్ వేశారు. ఈ పనికి ఆవిడ తీసుకున్నది పన్నెండు వేలు. ప్యాకేజీల కంటే ఎక్కువే. కానీ ఆ కాగితం చదివితే బాలానగర్‌లో మంచి ఫిట్టరు ఎవరైనా నన్ను అడక్కుండా యంత్రాన్ని బిగించగలడు.

ప్రభుత్వ ఫీజు చెబితే చాలామంది నమ్మరు. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలు, పెద్ద కంపెనీలకు 8,000. తర్వాత 30 పేజీల లోపు, పది క్లెయిముల లోపు కంప్లీట్ వేస్తే దానికి మళ్లీ ఫీజు లేదు. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. ఫైలింగ్ ఆన్‌లైన్‌లోనే అయిపోయింది, చెన్నైలో ఆ ఆఫీసున్న గిండీ దాకా వెళ్లే పని పడలేదు. మార్చి రెండో వారంలో ఓ మంగళవారం సాయంత్రం నంబరు వచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. పార్కింగ్ లేదు, స్కూటరు కూడా సందులో పెట్టుకోవాలి. మధ్యాహ్నాలు మేడమ్ ఫోన్ ఎత్తరు, మెసేజ్‌కు మర్నాడు జవాబు. ఫీజుల వివరం ముందే కాగితం మీద ఇచ్చి ఉంటే బాగుండేది. వెతకడానికి వేరే డబ్బని నాకు రెండో రోజున తెలిసింది. అడిగితే వెంటనే రాసిచ్చారు, కానీ పెన్షన్ మీద బతికేవాళ్లకు మొదటి రోజే తెలియాలి. రాసే పని సగం మన మీదే పడుతుంది. నోట్‌బుక్ లేకుండా, ఐడియా మాత్రం తలలో పెట్టుకుని వెళ్లినవాళ్లకు ఈ ఆఫీసు కష్టం.

నంబరు వచ్చాక బాటసింగారం మార్కెట్ నుంచి పెట్టెలు తెప్పించి వరసగా కోశాం. కొత్తపల్లి కొబ్బరి బాగా కుదిరింది. జలాలు అనే రకం దగ్గర ఇబ్బంది వచ్చింది. మేం తెచ్చిన కాయలు బాగా గుండ్రంగా ఉన్నాయి, రెక్కల మధ్య ఎటు పడితే అటు ఆగిపోయాయి. మా ఆవిడే రెక్కల్లో ఒకదాన్ని కొంచెం ముందుకూ వెనక్కూ ఆడేలా చేయమంది. చేశాక నిలబడ్డాయి. ఇది ప్రొవిజనల్‌లో లేదు. భయంగా ఫోన్ చేస్తే మేడమ్ కంగారు పడలేదు. ఈ మార్పును ఎవరికీ చూపించకుండా ఇంకో ప్రొవిజనల్ వేద్దామని, మొదటి తేదీ నుంచి 12 నెలల్లోపు రెండింటినీ కలిపి ఒకే కంప్లీట్‌గా వేసుకునే వీలు చట్టంలో ఉందని చెప్పారు. మళ్లీ 1,600 కట్టాం. రాసినందుకు ఈసారి మూడు వేలే తీసుకున్నారు. మే మూడో వారంలో రెండో నంబరు వచ్చింది.

చేనేత ఊళ్ల నుంచి వచ్చిన నాకు చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం అంటే ప్రాణం. చీర నేతకు ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పే పనిని అది చేస్తుంది. ఆలేరు వైపు మనిషి, అమ్మ భుజాల నొప్పి చూడలేక చేసిన యంత్రం అది. 2017లో పద్మశ్రీ వచ్చింది. మా యంత్రాన్ని దానితో పోల్చను. కానీ ఇంట్లో ఒక మనిషి చెయ్యి నొప్పి చూసి మొదలుపెట్టే పనులు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. వాటిని రాసిపెట్టే మనిషి దగ్గర లేకే సగం మరుగున పడిపోతున్నాయి.

ఇప్పుడు యంత్రం మీద 'పేటెంట్‌కు దరఖాస్తు చేయబడింది' అని నంబర్లతో ఒక రేకు బిగించాను. 'పేటెంట్ పొందినది' అని మాత్రం రాయకూడదు, రాకుండానే వచ్చిందని చెప్పుకుంటే జరిమానా ఉంటుంది. కాపీ కొట్టినవాళ్ల మీద దావా వేయడానికి కూడా పేటెంట్ మంజూరయ్యేదాకా కుదరదు, ఆ సంగతి మేడమ్ మొదటి రోజే చెప్పారు. జీడిమెట్ల ఆయన జూన్‌లో వచ్చి యాభై కాయలు తన చేత్తో, కాదు, తన కాలితో కోసి చూశారు. మాటలు నడుస్తున్నాయి. డిసెంబరుకు కంప్లీట్ డ్రాఫ్ట్ సిద్ధం కావాలని మేడమ్ గడువు పెట్టారు, మార్చి దాకా ఆగవద్దన్నారు.

ఈ ఆఫీసుకు అయిదుకు నాలుగున్నర. వెళ్లేవాళ్లు ఫోన్ చేసి టైమ్ తీసుకుని వెళ్లండి, శనివారం మధ్యాహ్నం దాకానే ఉంటారు. యంత్రం బరువైనదైతే ఒక మనిషిని తోడు తీసుకెళ్లండి, వాచ్‌మన్ సాయం చేస్తాడు కానీ ఆయనకు నడుం నొప్పి ఉంది.